నేను తగ్గించి రాసిన మూడు షాట్లు

మా బావ తన జీవితంలో ఒక్కటంటే ఒక్క తప్పుడు స్కోరు కార్డు మీద సంతకం పెట్టాడు. ఆ కార్డు రాసింది నేను. గోల్ఫ్ సంగతి తెలియనివాళ్ళు ఇదీ ఒక గొడవేనా అనుకోవచ్చు. అనుకోండి. నేనూ కొన్నాళ్ళు అలాగే సర్దిచెప్పుకున్నాను.

ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది. ఎవరి లెక్క వాళ్ళు రాసుకోరు. పద్దెనిమిది హోల్స్ ఉంటాయి. ఒక్కో హోల్‌లో బంతి వేయడానికి నీకెన్ని షాట్లు పట్టాయో నీతో ఆడేవాళ్ళు రాస్తారు, వాళ్ళవి నువ్వు రాస్తావు. ఎంత తక్కువైతే అంత గొప్ప. ఆఖర్న ఇద్దరూ కూర్చుని ఒక్కో అంకె చదువుకుని, ఒప్పుకుని, అప్పుడు సంతకాలు పెడతారు. బావకి ఆ ఆటలో అన్నిటికంటే నచ్చింది ఈ పద్ధతే. ఇంగ్లండులోని కోవెంట్రీలో కార్ల బ్రేకులు టెస్ట్ చేసే ఉద్యోగం ఆయనది. ఒకసారి అక్కడి ఊరి కౌన్సిల్ నడిపే గోల్ఫ్ కోర్సులో, అంటే ఆట మైదానంలో, బంతి ఇసుక గోతిలో పడితే, కొట్టకముందే తన కర్ర ఇసుకకి తగిలిందని తనే చెప్పి రెండు షాట్లు అదనంగా రాయించుకున్నాడు. "ఎవరు చూశారు బావా?" అన్నాను. "నేను చూశానుగా" అన్నాడు.

నాకు ఆట నేర్పిందీ ఆయనే. నా విడాకులైన ఏడాది, శనివారాలు వాట్‌ఫర్డ్‌లో ఫ్లాట్ తలుపులేసుకుని కూర్చునేదాన్ని. అక్క ఫోన్లో బతిమాలేది, ఆయన బతిమాలలేదు. "ఏడవాలంటే పచ్చికలో ఏడుద్దువుగాని, వచ్చేయవే" అని కోవెంట్రీ రప్పించి చేతికి కర్ర ఇచ్చాడు. మొదటి ఆరు నెలలూ నేను కొట్టిన బంతులు ఎక్కడికి పోయాయో ఆ బంతులకే తెలియాలి. అయినా నా కార్డులో ఒక్క షాటు తగ్గించి రాయలేదు. నూట నలభై కొట్టిన రోజు నూట నలభై అనే రాసి, నా ముందు పెట్టి, సంతకం పెట్టమన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మరదలన్న జాలైనా లేదా నీకు?" అని అరిచాను. "జాలెందుకే? నీకేం తక్కువ?" అన్నాడు. ఆ మాట మీద నేను మళ్ళీ మనిషినయ్యాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అలాంటి మనిషికి యాభై తొమ్మిదో ఏట మతిమరుపు మొదలైంది. మొదట అందరికీ వచ్చేదే అనుకున్నాం. తర్వాత ఒకరోజు ఇరవై ఏళ్ళుగా వెళ్తున్న ఆఫీసు దారిలో కారు ఆపుకుని అక్కకి ఫోన్ చేసి, ఎటు తిరగాలని అడిగాడట. జీపీ, అంటే వాళ్ళ ఫ్యామిలీ డాక్టరు, మెమరీ క్లినిక్‌కి పంపింది. అక్కడ గడియారం బొమ్మ గీయమన్నారు, వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ చెప్పమన్నారు. ఇంజనీరుని పట్టుకుని చిన్నపిల్లాడి లెక్కలడిగితే కంగారు పడిపోయాడు. స్కాన్ చేశారు. దాని ఫలితం జూన్‌లో చెప్తామన్నారు.

ఆ మధ్యలో, మే నెలాఖరు సెలవుల్లో, స్కాట్లాండ్ వెళ్దామన్నాడు. ఎడిన్‌బర్గ్ నుంచి గంట ప్రయాణంలో సముద్రం ఒడ్డున పాతకాలపు గోల్ఫ్ కోర్సు ఒకటి ఉంది. ఆ ఆట పుట్టిన రోజుల నుంచీ అక్కడ ఆడుతున్నారని చెబుతారు. బయటివాళ్ళకి చోటు దొరకడమే కష్టం. బావ ఏడాది ముందే మా ఇద్దరికీ బుక్ చేసి ఉంచాడట. అక్కకి ఆట మీద ఆసక్తి లేదు, ఒడ్డున నడుస్తానంది. అలా ముగ్గురం బయల్దేరాం.

ఇక్కడే అసలు సంగతి చెప్పేయాలి. ఆ రోజు బావ ఆడింది సరదా ఆట కాదు. తన బుర్ర ఇంకా తన చెప్పుచేతల్లోనే ఉందా లేదా అని తనకు తనే పెట్టుకున్న పరీక్ష. కాగితం ముట్టకుండా పద్దెనిమిది హోల్స్ లెక్కా తలలోనే ఉంచుకోవాలి. ఆఖర్న అది నేను రాసిన కార్డుతో సరిపోతే ఉద్యోగం ఉంటుంది, కారు ఉంటుంది, క్లినిక్ వాళ్ళు ఏం చెప్పినా నిలబడతాడు. సరిపోకపోతే అన్నీ వదిలేస్తాడు. ఇదంతా నాకు చెప్పలేదు. చెబితే నేను సాయం చేస్తానని ఆయన భయం. చెప్పకపోయినా చేశాను.

పొద్దున్న గెస్ట్ హౌస్‌లో అక్క ఇంటినుంచి తెచ్చిన కారప్పొడి బ్రెడ్డు మీద చల్లుకుని తిన్నాం. టీ తాగుతూ బావ మూడుసార్లు అడిగాడు, మన ఆట టైమెంతని. మూడుసార్లూ పదీ ఇరవై అని చెప్పాను. మూడోసారి అక్క నావైపు చూసింది. బావ మేడ మీదికి వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని, "ఈరోజు ఆయన నవ్వుతూ రావాలే. నాకింకేం వద్దు" అంది. "నేను చూసుకుంటాలే" అన్నాను. పెద్ద మొనగత్తెలా.

ఆ కోర్సు ఊళ్ళోనే మొదలవుతుంది. ఒక పక్క రాతి ఇళ్ళు, ఇంకో పక్క సముద్రం. నేను కోనసీమ దాన్ని, సముద్రం ఒడ్డంటే కొబ్బరిచెట్టు లేకుండా ఊహించలేను. ఇక్కడ ఒక్క చెట్టు లేదు. ఇసుక నేల మీద గట్టి గడ్డి, గుట్టలు గుట్టలుగా, పసుప్పచ్చ పూల ముళ్ళపొదలు, ఆ మధ్యలో మనిషి లోతు ఇసుక గోతులు. ఆ గోతుల్ని బంకర్లంటారు. ఇక గాలి అంటారా, ఓరి నాయనో, నిలబడితే తోసేస్తోంది. మే నెలని పేరేగానీ నేను రెండు స్వెట్టర్లు వేసుకున్నాను.

మొదటి హోల్ దగ్గర చిన్న చెక్క గదిలో ఆటగాళ్ళని వరసగా పంపించే పెద్దాయన ఉన్నాడు. మాకు రెండు కార్డులు, బొటనవేలంత పెన్సిళ్ళు రెండు ఇచ్చాడు. బావ తనకిచ్చినవి కూడా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీది కూడా ఈరోజుకి నువ్వే రాసుకో. నాది నాకు చూపించకు. ఆఖర్న చూస్తాను" అన్నాడు.

ఆ మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఎవరి లెక్క వాళ్ళు రాసుకోవడమంటే ఈ మనిషికి సగం దొంగతనం. అలాంటిది తనే చెబుతున్నాడంటే ఏదో ఉందని నాకు తట్టాలి. తట్టలేదు. ఈమధ్య చేతిరాత వంకర్లు పోతోందని అక్క చెప్పింది కదా, దానికి సిగ్గుపడుతున్నాడనుకున్నాను. "సరే బావా" అని రెండు కార్డులూ జేబులో పెట్టుకున్నాను.

ఎంత బాగా ఆడాడో! ఆ గాలికి బంతిని ఎత్తుగా కొడితే ఊళ్ళోకి కొట్టుకుపోతుంది. బావ కిందగా, నేలబారుగా కొట్టాడు. కర్రలు ఎంచుకోవడంలో తడబాటు లేదు, నిలబడటంలో తడబాటు లేదు. పొద్దున్న టైము మూడుసార్లు అడిగిన మనిషి ఈయనేనా అనిపించింది. నేను ముళ్ళపొదలో బంతి వెతుక్కుంటుంటే, "అందులో పాములుండవులే, దూరు" అని వెక్కిరించాడు. ఒక్కటే విచిత్రం. హోల్‌కీ హోల్‌కీ మధ్య నడిచేటప్పుడు ఆయన పెదాలు కదులుతున్నాయి. పలకరిస్తే చెయ్యి అడ్డంపెట్టి ఆగమనేవాడు. ఈ వయసులో భక్తి పెరిగింది కాబోలు, ఏదో స్తోత్రం చదువుకుంటున్నాడు అనుకుని నేనూ నోరు మూసుకున్నాను.

ఏడో హోల్‌లో మూడో షాటుకి బంతి బంకర్‌లో పడింది. లోపలికి దిగితే బావ తల తప్ప ఏమీ కనబడటం లేదు. కొట్టాడు, బంతి గట్టుకి తగిలి కాళ్ళ దగ్గరికే వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వచ్చింది. మూడోసారీ అంతే. మా వెనకాల నలుగురు ఆటగాళ్ళు కర్రలానుకుని మాకోసం చూస్తున్నారు. ఆ గోతిలో ఇరుక్కుపోయి, గాలికి కళ్ళల్లో నీళ్ళు కారుతూ ఉన్న మా బావని నేను చూడలేకపోయాను. నాలుగోసారి బయటపడింది. ఇంకో రెండు షాట్లకి హోల్‌లో వేశాడు. మొత్తం తొమ్మిది.

నేను ఏడు రాశాను.

ఆలోచించను కూడా లేదు. మాలాంటి మామూలు ఆటగాళ్ళకి వంద లోపంటే పండగే, ఆయన ఆ స్కోరుతో ఈ కోర్సు నుంచి బయటికి రావాలి, అక్క దగ్గరికి నవ్వుతూ వెళ్ళాలి. ఎన్ని కొట్టాడో ఆయనకెక్కడ గుర్తుంటుందిలే అనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ అసహ్యంగా ఉంటుంది. కానీ అనుకున్నది అదే.

పద్నాలుగో హోల్ దగ్గర బంతి రాతిగోడకి తగిలి వెనక్కొచ్చింది. ఎనిమిది పట్టింది. కూడి చూసుకుంటే వంద దాటిపోయేలా ఉంది. అక్కడ కూడా ఏడే రాశాను. రెండోసారికి చెయ్యి తిరిగిపోయింది నాకు.

ఆఖరి హోల్ వీధి పక్కనే ఉంటుంది. ఫుట్‌పాత్ మీద కుక్కతో వెళ్తున్న ఒకావిడ ఆగి చూసింది. బావ పది అడుగుల దూరం నుంచి బంతిని నెమ్మదిగా తోశాడు. అది నేరుగా వెళ్ళి పడింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. బావ టోపీ తీసి ఆవిడకి నమస్కారం పెట్టాడు. మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. నేను లోపల్లోపల మురిసిపోయాను.

గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాం. ఆయన గ్లవ్ తీసి జేబులో పెట్టుకున్నాడు. నాకు ఆత్రం ఆగలేదు.

"చెప్పు బావా, ఎంతొచ్చి ఉంటుంది?"

"నూట ఒకటి" అన్నాడు వెంటనే.

"కాదు! తొంభై ఎనిమిది! వంద లోపు కొట్టావయ్యా మహానుభావా!" అంటూ కార్డు తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన నవ్వుతాడనుకున్నాను. కార్డు ముట్టుకోకుండా, కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. "ఆరు, అయిదు, అయిదు, నాలుగు, ఆరు, అయిదు, తొమ్మిది..." బళ్ళో ఎక్కాలు అప్పజెప్పినట్టు, తెలుగులో, వరసగా పద్దెనిమిదీ చెప్పాడు. దారంతా ఆయన చదువుకున్న స్తోత్రం అదీ. తర్వాత కళ్ళు తెరిచి కార్డు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. వేలు ఏడో గడి దగ్గర ఆగింది.

"ఏడో హోల్ తొమ్మిది కదే? ఇసుకలో నాలుగు పోయాయి."

అప్పుడు చెప్పేయొచ్చు. "అవును బావా, తొమ్మిదే, నేనే తగ్గించాను, తిట్టు" అంటే అయిపోయేది. తిట్టేవాడు, ఆ తిట్లు పడితే నాకేం పోయేది? కానీ దొరికిపోయానన్న కంగారు. ఇన్నేళ్ళు ఏం నేర్పానే నీకు అంటాడన్న సిగ్గు. నా నోరు నన్నడగకుండానే ఇంకో అబద్ధం ఆడేసింది.

"లేదు బావా, ఏడే. ఊరికే కర్ర ఊపి చూసుకున్నావు చూడు, అవి కూడా లెక్కేసుకుని ఉంటావు."

"మరి పద్నాలుగు?"

"అదీ ఏడే."

ఆయన కార్డు మీంచి వేలు తీసేశాడు. కోపం లేదు, వాదన లేదు. వాదించే మనిషి వాదించకపోయేసరికి నాకు భయమేసింది. అప్పుడు చెప్పాడు, ఇందాక నేను మీకు ముందే చెప్పేసిన సంగతంతా. కాగితం లేకుండా లెక్క గుర్తుంచుకోవడం, నా కార్డుతో సరిచూసుకోవడం.

"నీకన్నా నమ్మకంగా రాసేవాళ్ళు నాకెవరున్నారే? అందుకే నిన్ను తెచ్చుకున్నాను" అన్నాడు. "రెండు చోట్ల పోయింది. లేనివి కూడా ఉన్నట్టు గుర్తున్నాయి. అంటే పనైపోయినట్టే. బ్రేకులు టెస్ట్ చేసేవాడికి లేని అంకెలు కనబడకూడదు కదా."

"బావా, కాదు! నీ లెక్కే కరెక్ట్! తొమ్మిదే, ఎనిమిదే! నేనే తగ్గించి రాశాను. వంద లోపు రావాలని... అక్క నవ్వుతూ రావాలందని... నా మీద ఒట్టు బావా" అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారు, చూస్తే చూడనీ.

ఆయన నా నెత్తి మీద చెయ్యి వేశాడు.

"ఊరుకోవే. నాకు తెలుసు నీ సంగతి. ఎవరు బాధపడినా చూడలేవు, ఇదిగో ఇలా అబద్ధాలాడేస్తావు" అన్నాడు. "స్కోరు తప్పు రాసే పిల్లవి మాత్రం కాదు నువ్వు. నేను నేర్పాను కదా."

ఎన్ని ఒట్లు పెట్టినా వినలేదు. ఒట్టు పెట్టినకొద్దీ ఆయనకి జాలి ఎక్కువైంది. ఆ బొటనవేలంత పెన్సిలు నా దగ్గర అడిగి తీసుకుని, తొంభై ఎనిమిది కింద సంతకం పెట్టాడు. చేతిరాత నిజంగానే వంకరపోయింది.

కారు దగ్గర అక్క ఎదురుచూస్తోంది. చెప్పులకంటిన ఇసుక దులుపుకుంటూ, "ఎలా ఆడారండీ?" అని అడిగింది. "తొంభై ఎనిమిదట" అన్నాడు. "అబ్బో!" అని అక్క సంబరపడింది. ఆయన కారు తాళాలు తీసి అక్క చేతిలో పెట్టి, "ఇకనించి నువ్వే నడుపు" అని వెనక సీట్లో కూర్చున్నాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. అక్కకి చెప్పడానికి కూడా ధైర్యం చాలలేదు.

సోమవారం ఆఫీసుకి వెళ్ళి రాజీనామా ఇచ్చేశాడు. జూన్‌లో క్లినిక్‌కి అక్కతోపాటు నేనూ వెళ్ళాను. జబ్బు ఉన్నమాట నిజమేనన్నారు. మొదట్లోనే ఉంది, కొన్ని మార్పులు చేసుకుంటే ఇంకొంతకాలం ఉద్యోగం చేసుకోవచ్చు, తొందరపడి అన్నీ మానేయకండి అంది అక్కడి డాక్టరమ్మ. బావ వినయంగా తలూపి, "ఐ హావ్ ఆల్రెడీ చెక్డ్" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఆ ఎండాకాలమంతా ఆయన తోటలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లెక్కలు చూడమంటే చూడడు, పేపర్లో అంకెల పజిల్ ఇస్తే పక్కన పెట్టేస్తాడు. "నా తల నమ్మకూడదు" అని ఒక మాట పట్టుకున్నాడు. ఆగస్టులో వంటింట్లో అక్కకి చెప్పాను, మొత్తం, మొదటినుంచీ. అక్క స్టవ్ ఆపింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. "నూట ఒకటి అని రాసుంటే ఆయన నవ్వుతూనే వచ్చుండేవాడు కదే" అంది. కంచం తెచ్చి నాకు అన్నం పెట్టింది. ఎలా తిన్నానో నాకే తెలియదు.

ఇదంతా జరిగి నాలుగేళ్ళు. ఇప్పుడు బావ కొన్నిరోజులు నన్ను గుర్తుపడతాడు, కొన్నిరోజులు పట్టడు. పోయిన ఆదివారం వెళ్ళేసరికి టీవీలో గోల్ఫ్ చూస్తున్నాడు. నేను పక్కన కూర్చుంటే మర్యాదగా కొంచెం జరిగాడు.

"మీరు ఆడతారా?" అని అడిగాడు.

"ఆడేదాన్నండీ. మానేశాను."

"అయ్యో, ఎందుకని?"

ఏం చెప్పాలి? నాకు అబద్ధం ఆడాలనిపించలేదు. "ఒకసారి మా బావ స్కోరు తప్పు రాశానండీ. ఆయన లెక్కే సరైనది. నాది తప్పు. దానివల్ల ఆయనకి తన మీద తనకి నమ్మకం పోయింది" అన్నాను.

బావ టీవీ మీంచి చూపు తిప్పి నన్నే చూశాడు. చాలా జాగ్రత్తగా విన్నాడు. బ్రేకుల గురించి ఎవరైనా అడిగితే ఇదివరకు అలాగే వినేవాడు.

"ఆయనతో చెప్పారా?"

"చెప్పాను. నమ్మలేదు."

"మళ్ళీ ఒకసారి చెప్పి చూడండమ్మా" అన్నాడు. "మంచివాడే అయ్యుంటాడు. నమ్ముతాడు."

"చెప్తానండీ" అన్నాను.